ఒక కాంచళి, రెండు ఘూగ్రీలు

యర్రగొండపాలెం, దోర్నాల, పుల్లలచెరువు చుట్టుపక్కల నల్లమల అంచున ఉన్న తండాల్లో ఇప్పుడు రోజూ కట్టేది చీరే. చదువుకునే ఆడపిల్లలది చుడీదార్. మిరపకాయ కోతలకు గుంటూరు వైపు వలస వెళ్లే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు బిగించుకుంటారు. పాతకాలపు ఫేటియా (పావడా), కాంచళి (రవిక), టుక్రి (ముసుగు) ఒంటి మీద కనిపించేది బాగా పెద్దవయసు అవ్వల దగ్గర, పెళ్లిళ్లలో, తీజ్ పండగ రోజుల్లో, ఫిబ్రవరి 15న జరిగే, లంబాడీల ఆరాధ్యగురువు సేవాలాల్ జయంతి ఊరేగింపుల్లో. అలాంటి కట్టుతో ఒక అవ్వ మార్కాపురం బస్టాండులో దిగిందంటే చుట్టూ ఉన్నవాళ్లు ఒకసారి తలతిప్పి చూస్తారు. చూసి, లంబాడీ డ్రస్సు అనుకుంటారు. అక్కడితో అయిపోతుంది. బడి వార్షికోత్సవంలో పిల్లలకు వేసే వేషమూ అదే పేరుతో చలామణీ అవుతుంది. ఆ పేరు వింటే తండాలన్నిటికీ కలిపి ఎవరో ఒకరు ఒకే కొలతకు కుట్టిచ్చిన యూనిఫారం అన్న భావం వస్తుంది.

ఆ భావంతోనే నా పేచీ. రెండడుగులు దగ్గరికి జరిగి చూస్తే అది నిలబడదు. బట్ట ఎర్రదే, అద్దాలు అందరికీ ఉన్నాయి, గవ్వలు అందరికీ ఉన్నాయి. అయితే ఎరుపులో ఏ ఎరుపు, అద్దం ఎంత పెద్దది, ఎన్ని అద్దాల తర్వాత కంటికి కాస్త విరామం ఇవ్వాలి, అంచుకు తెల్లగుడ్డ పట్టీ వెయ్యాలా పసుపుదా, కట్టుతాడు చివర గవ్వ వేలాడాలా ఉన్నికుచ్చు వేలాడాలా? వీటిలో ప్రతి ఒక్కటీ ఎవరికి వాళ్లు తేల్చుకున్న సంగతి. ఒక తండాలో నాలుగు కాంచళ్లు పక్కపక్కన పరిచి చూసినప్పుడు కుట్టినవాళ్ల స్వభావాలు వేరువేరుగా తెలిసిపోతాయి. ఒకరిది అంగుళం ఖాళీ ఓర్చుకోని చెయ్యి. ఇంకొకరు నాలుగే అద్దాలు పెట్టి, మిగతా బట్టను వదిలేసి, ఆ వదిలేసిన చోటుతోనే అందం తెప్పించారు. అభిరుచి అన్నది పట్నాల్లో, పత్రికల్లో పుట్టిందనుకునేవాళ్లు ఈ బట్టల ముందు ఒక గంట కూర్చోవాలి.

ఈ కుట్టుపని ఇంత విస్తారంగా ఎందుకు పెరిగిందో తెలియాలంటే వీళ్ల పాత బతుకుతెరువు గుర్తు చేసుకోవాలి. సుగాలీలు, లంబాడీలు, బంజారాలు అని మనం పిలిచేది ఒకే జనాన్ని. ఇంట్లో మాట్లాడే భాష గోర్ బోలీ. రైలూ లారీ రాకముందు దక్కను అంతటా ధాన్యమూ ఉప్పూ మోసింది వీళ్ల పెరికెద్దులే. మొగలు సైన్యాలకు తిండిగింజలు అందించారు, తర్వాత టిప్పు సుల్తాను మీదికీ మరాఠాల మీదికీ నడిచిన ఇంగ్లీషు సైన్యాలకూ అందించారు. కోస్తా ఉప్పు నల్లమల దాటి నంద్యాల, కర్నూలు వైపు పోవాలంటే కనుమలెక్కాలి. గిద్దలూరు దగ్గర నంది కనుమ, దోర్నాల వైపు మంత్రాలమ్మ కనుమ. బండి చక్రం తిరగని చోట కూడా పెరికెద్దు పోతుంది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవే కాబట్టి ఈ సీమ చూపు ఎప్పుడూ ఆ కొండల అవతలికి కూడా ఉండేది. 19వ శతాబ్దం చివరికి గుంటూరు నుంచి కంభం, గిద్దలూరు మీదుగా నంద్యాల దాకా రైలు పట్టాలు పడ్డాయి. పెరికెద్దుల అవసరం తగ్గిపోయింది. మందలతో తిరిగినవాళ్లు తండాలు కట్టుకుని సేద్యానికీ కూలికీ దిగారు.

తిరిగే జనానికి గోడ ఉండదు, ముగ్గు పెట్టుకునే వాకిలి ఉండదు. ఉన్న కళంతా మోసుకుపోగలిగిన వాటి మీదే చూపించాలి. అందుకే ఎద్దు నుదుటికి కట్టే పట్టీ మీద గవ్వలు, వక్కా ఆకూ డబ్బులూ పెట్టుకునే సంచి మీద కుట్టు, నీళ్లబిందె కింద పెట్టే చుట్టకుదురుకు కూడా గవ్వల వరస. ఆ చుట్టకుదురు వెనకాల జడ మీదికి వేలాడేలా ఒక చిన్న గుడ్డ ఉంటుంది, దాని నిండా అల్లికే. బిందె ఎత్తుకుని నడిచే మనిషి వెనక నుంచి ఎలా కనబడుతుందో కూడా ఆలోచించి చేసిన పని అది. ఇంత శ్రద్ధ నేను ఇంకే నీళ్లబిందె దగ్గరా చూడలేదు.

ముందు ఫేటియా. కుచ్చుల పావడా అని తేలిగ్గా చెప్పొచ్చు గానీ అది మూడు వేరువేరు పనుల కూర్పు. నడుము దగ్గర గట్టిగా అల్లిక చేసిన పట్టీ, దాన్ని లేపో అంటారు. దాని కింద గజాల కొద్దీ బట్టను కుచ్చులు పెట్టిన ఘేరో. అడుగున రంగురంగుల గుడ్డపట్టీలు ఒకదాని మీద ఒకటి అతికి కుట్టిన అంచు, దాని పేరు లావణ్. తండాను బట్టి పలకడంలో తేడా ఉంటుంది గానీ ఈ మూడు భాగాలూ ఉంటాయి. రాళ్ల మీద, కంపల్లో, మెట్టచేలల్లో నడిచే మనిషి పావడాలో మొదట చిరిగేది అడుగు అంచు. అందుకే అక్కడ గుడ్డ మీద గుడ్డ వేసి మందం చేశారు. అరిగిన పట్టీ ఒక్కటి విప్పి కొత్తది వెయ్యొచ్చు. అందం కోసం వేసిన చారలని మనం అనుకునేవే పావడా ఆయుష్షు పెంచే చారలు. నడుము పట్టీది మరో తర్కం. కుచ్చుల బరువంతా దాని మీదే పడుతుంది, కాబట్టి రెండు పొరల బట్టను దగ్గరదగ్గర కుట్టుతో ఒకటి చేసేస్తారు. వేలితో నొక్కితే అట్టలా గట్టిగా తగులుతుంది.

ఈ పద్ధతి మొత్తంలో నన్ను కట్టిపడేసింది విడివిడిగా కుట్టి కలపడం. అల్లిక ముక్కలను ముందు వేరే తయారు చేసుకుని తర్వాత బట్టకు ఎక్కిస్తారు. ఘేరో మాసి చివికిపోతే లేపోను విప్పి కొత్త ఘేరోకు పెట్టుకుంటారు. తల్లి కాంచళి ముందుభాగం కూతురి కాంచళిలోకి వస్తుంది. కాబట్టి ఒక పాత డ్రస్సులో మూడు వయసుల చేతిపని కలిసి ఉండొచ్చు, ముప్పై ఏళ్ల తేడాతో. ఏ ముక్కను దాచుకోవాలి, ఏది వదిలెయ్యాలి అన్నది కూడా అభిరుచికి సంబంధించిన నిర్ణయమే. తల్లి పనిలో తనకు నచ్చిన ముక్కను పక్కన కొత్త కుట్టు వేసి నిలబెట్టడం చిన్న విద్య కాదు. పాతదాని రంగు వెలిసి ఉంటుంది. కొత్త దారం మెరుస్తుంది. ఆ రెంటికీ పొత్తు కుదర్చాలి.

టుక్రి పైట లాంటిదీ ముసుగు లాంటిదీ. తల మీద వచ్చే అంచుకు ఒక అల్లిక పట్టీ కుడతారు, దాన్ని ఘుంగ్టో అంటారు. అద్దాలూ నాణేలూ ఎక్కువగా ఉండేది ఇక్కడే. వీపు వైపు వేలాడే బట్ట లాగుతుంటే ముసుగు జారిపోకుండా తల మీద ఈ బరువు ఆపుతుంది. పిన్ను లేదు, క్లిప్పు లేదు. వంగి కలుపు తీసినా, బిడ్డను చంకకెత్తుకున్నా ముసుగు ఉన్నచోటే ఉంటుంది. కాంచళికి వీపు ఉండదు, తాళ్లతో కడతారు. ఎండలో పని చేసే ఒంటికి గాలాడుతుంది, వీపును టుక్రి కప్పుతుంది. ఒకటి లేనిదే ఇంకొకటి పూర్తికాదు. విడిగా ఒక్క జాకెట్టును తీసుకుని స్టేజీ మీదికి ఎక్కించినప్పుడు పోయేది ఈ లెక్కే.

ఇక కాంచళి. దోర్నాల వైపు ఒక తండాలో ఒక అవ్వ ట్రంకుపెట్టె అడుగు నుంచి తీసి మంచం మీద పరిచిన దాన్ని చాలాసేపు చూశాను. ఆమె అత్తగారు కుట్టిందట. ముదురు ఎరుపు నూలుబట్ట, కడుపు మీద వేలాడే ముందుభాగం జానెడున్నర వెడల్పు. మధ్యలో చతురస్రం, దాని చుట్టూ మరో చతురస్రం, మళ్లీ దాని చుట్టూ వజ్రాకారంలో తిరిగిన గీతలు. ఏ గీతా చాక్‌పీసుతో గీసింది కాదు. బట్ట నేతలో పోగులు లెక్కబెట్టుకుంటూ సూది నడిపితే తప్ప ఆ మూలలు అంత తిన్నగా రావు. బయటి వరసలో దారం ఆకుపచ్చ. కుడివైపు కింది మూల దగ్గరికి వచ్చేసరికి ఆకుపచ్చ ఆగిపోయి నీలం మొదలైంది. దారం అయిపోయి ఉంటుంది, సంతకు వెళ్లేదాకా ఆగలేక ఉన్నదానితో కుట్టేసి ఉంటుంది అనిపిస్తుంది ఎవరికైనా. అప్పుడు ఎడమవైపు పైమూల చూశాను. అక్కడా ఆకుపచ్చ ఆగి నీలం వచ్చింది, సరిగ్గా అంతే పొడవు.

అదీ ఆ పనిలో నేను చూసిన గొప్పతనం. దారం తక్కువైందన్నది నిజమే కావచ్చు, కాకపోవచ్చు. ఎదురుమూలన కూడా నీలం పెట్టడంతో ఆ మార్పు ముందే తలచుకున్నదయింది. కొరతను అతుకుగా మిగల్చలేదు, నమూనాలో కలిపేసుకుంది. మధ్యన ఉన్న చతురస్రంలో కూడా రెండు చిన్న నీలపు కుట్లు ఉన్నాయి, చూసేవాడి కన్ను ఒక మూల నుంచి ఇంకో మూలకు పోయే దారిలో. ఎవరో నేర్పితే వచ్చేది కాదు అది. పాతకాలపు సంగీత విద్వాంసుడు రాగంలో పొరపాటున తగిలిన స్వరాన్ని మళ్లీ కావాలని తాకి దాన్ని సంగతిగా మలుచుకున్నట్టు చేసింది ఆ తల్లి. ఆమె పేరు అవ్వను అడిగి రాసుకున్నాను. ఇంట్లోవాళ్ల అనుమతి లేకుండా ఇక్కడ వెయ్యడం సబబు కాదని ఆపాను.

అద్దం కుట్టే తీరు కూడా చెప్పాలి, ఎందుకంటే దూరం నుంచి చూసేవాళ్లకు అవి అంటించినట్టు కనబడతాయి. జిగురు లేదు, అద్దానికి బెజ్జం లేదు. అద్దం ముక్కను బట్ట మీద బొటనవేలితో నొక్కిపట్టి ముందు రెండు దారాలు నిలువుగా, రెండు అడ్డంగా దాని మీదుగా లాగుతారు. ఒకదాని కింద నుంచి ఒకటి తీస్తారు కాబట్టి మధ్యలో చిన్న చట్రం ఏర్పడుతుంది. తర్వాత అంచు చుట్టూ తిరుగుతూ, సూదిని ఆ చట్రపు దారం కిందికి పోనిచ్చి బయటికి లాగి, అద్దం ఒడ్డునే బట్టలో చిన్న పోటు వేసి, కాజా కుట్టులో లాగా ముడి బిగిస్తారు. ఒక్కో ముడితో చట్రం అంచులవైపు జరుగుతుంది. చుట్టూ వచ్చేసరికి చతురస్రం మాయమై గుండ్రటి దారపు కట్టు మిగులుతుంది, అద్దం దానిలో బందీ. మొదటి దారాలు కాస్త వదులైతే అద్దం జారుతుంది. మరీ బిగువైతే అంచుకు జరగవు, మధ్యలో గీతల్లా మిగిలిపోయి అద్దం మొహం కప్పేస్తాయి. ఎంత బిగువు అన్నది చేతికి తెలియాలి. పనితనం చూడాలంటే బట్టను తిరగేసి చూడాలి. మంచి పనిలో వెనకవైపు చిన్నచిన్న చుక్కల వలయం మాత్రమే కనబడుతుంది. దారం ముందు వైపే ఖర్చయింది.

పాత అద్దాల మెరుపు వేరుగా ఉండటానికీ కారణం ఉంది. కుట్టుపనికి వాడే అద్దాన్ని పూర్వం పలచటి గాజుబుడగగా ఊది, లోపలివైపు పూత పోసి, తర్వాత పగలగొట్టి ముక్కలు చేసేవారు. గుజరాత్‌లోని కపడ్వంజ్ ఆ పనికి పేరుపడ్డ ఊరు. బుడగలో ముక్క కాబట్టి ప్రతిదానికీ కొద్దిగా వంపు ఉంటుంది. పది అద్దాలు పక్కపక్కన కుడితే పదీ వెలుతురును పది దిక్కులకు విసురుతాయి, మనిషి కదిలినప్పుడు ఒకటి వెలిగి ఇంకొకటి ఆరుతుంది. ఇప్పుడు దొరికేవి యంత్రం మీద కోసిన చదును అద్దాలు. అన్నీ ఒకేసారి మెరిసి ఒకేసారి ఆగిపోతాయి. కళ్లు జిగేల్‌మంటాయి గానీ పాతవాటిలోని కదలిక రాదు. అడవిలో మృగాలు బెదిరిపోవడానికి అద్దాలు పెట్టారన్న మాట తరచూ వినిపిస్తుంది. భయం మాట అలా ఉంచితే, ఇంత కష్టపడి ఇంత సమంగా వాటిని అమర్చినది చూసేవాళ్ల కోసమూ తన కోసమూ అని నాకు గట్టి నమ్మకం.

టుక్రి అంచున, మెడలో వేలాడే నాణేలు ఒక చిన్న చరిత్ర పాఠం. ఇంగ్లీషువాళ్ల కాలపు వెండి రూపాయి 11.66 గ్రాములు, అంటే తులం. నూటికి దాదాపు 92 పాళ్లు వెండి. 1940 నుంచి అందులో వెండి సగానికి తగ్గింది, 1947 నాటికి రూపాయి నికెల్ అయిపోయింది. ఈ తేడా తండా ఆడవాళ్లకు ఏ పుస్తకమూ చెప్పక్కర్లేదు, వేలిగోటి మీద మీటితే మోగే తీరు చెబుతుంది. వెండి నాణేన్ని దండకు గుచ్చారు, తక్కువ రకాన్ని బట్ట అంచుకు కుట్టారు. 2011 జూన్ 30తో పావలా, దానికంటే చిన్న నాణేలు చెల్లుబాటు కోల్పోయాక అవి కూడా అంచుల మీదికి ఎక్కాయి. అంగడిలో విలువ లేనిది ఇక్కడ గుండ్రంగా, తేలిగ్గా, తుప్పు పట్టకుండా పనికొచ్చింది. గవ్వల సంగతీ ఇంతే. మాల్దీవుల నుంచి వచ్చి ఒకప్పుడు ఈ దేశంలో డబ్బుగా చెల్లినవి, ఆ చెల్లుబాటు పోయిన ఎన్నో ఏళ్ల తర్వాత కూడా కాంచళి ముడుల దగ్గర తెల్లగా నిలిచాయి.

కుట్టు ఇంటి ఆడవాళ్లదైతే లోహపు పని కంసాలిది. ఘూగ్రీ అంటే చెంపల పక్కన జుట్టుకు వేలాడే వెండి గుత్తి. పైన టోప్లి అనే చిన్న బోర్లించిన గిన్నె ఆకారం, దాని అంచు నుంచి సన్నటి గొలుసులు, గొలుసుల చివర మువ్వలు. చెవులకు పెట్టుకున్నట్టు కనబడుతుంది గానీ బరువంతా జుట్టుదే. కణతల దగ్గర జుట్టును సన్నటి పాయలుగా గట్టిగా అల్లి ఆ పాయలకు టోప్లిని కడతారు. పెళ్లయిన ఆడమనిషికే ఘూగ్రీలు. మువ్వ చెయ్యడంలో కిటుకు దాని పలచదనంలో ఉంది. వెండిరేకును గుంటలున్న దిమ్మె మీద కొట్టి సగం గుండు చేస్తారు, అలాంటి రెండు సగాలు కలిపి టంకంతో అతుకుతారు, లోపల ఒక రవ్వ పడేస్తారు, అడుగున చీలిక తీస్తారు. రేకు మందమైతే శబ్దం మొద్దుగా వస్తుంది, జుట్టు కూడా లాగేస్తుంది. మరీ పలచనైతే నొక్కుకుపోతుంది. ఆ అవ్వ దగ్గరున్న జతలో గొలుసులు రెండు వైపులా సమానంగా లేవు. కుడివైపు ఒకటి పొట్టి. తెగిందేమో అనుకుని చూస్తే చివర మువ్వ చక్కగా కట్టి ఉంది. బిడ్డకు పాలిచ్చేటప్పుడు బిడ్డ అటువైపు గొలుసే పట్టి లాగేదని, కంసాలికి చెప్పి పొట్టి చేయించుకున్నానని ఆమె చెప్పింది. ఆభరణం ఒంటికి అమరడం అంటే ఇంతకంటే ఏముంటుంది?

చేతుల మాటకొస్తే, మణికట్టు నుంచి మోచేతి దాకా, మళ్లీ మోచేతి పైన భుజం దాకా తెల్లటి గాజుల వరస ఒకప్పుడు వీళ్ల గుర్తు. బళియా, చూడో అంటారు. కలిగినవాళ్లకు దంతంతో, లేనివాళ్లకు ఎముకతో చేసినవి, తర్వాత ప్లాస్టిక్. మన దేశపు ఏనుగుదంతం వ్యాపారం 1986లో, దిగుమతి దంతం వ్యాపారం 1991లో చట్టంతో ఆగిపోయాయి. అప్పటికే తండాల్లో ఎక్కువ చేతులకున్నది ప్లాస్టిక్కే. దాన్ని నాసిరకం అనేవాళ్లతో నేను ఏకీభవించను. చేతి లావు మణికట్టు దగ్గర సన్నం, పైకి పోయేకొద్దీ పెరుగుతుంది. ప్రతి గాజూ దాని కిందిదానికంటే రవ్వంత పెద్దదై ఉంటేనే వరస తిన్నగా కూర్చుంటుంది, చెయ్యి ఆడించినా జారదు. ఆ కొలత దంతంలో ఎంతో ప్లాస్టిక్కులోనూ అంతే. పైగా ఎరుపు, నలుపు గీతలు మధ్యమధ్యలో వచ్చేలా ఎవరికి వాళ్లు పేర్చుకునే వీలు ప్లాస్టిక్కుతో ఎక్కువైంది.

కాళ్ల గురించి కొంచెమే చెప్తాను. బరువైన కడియాలు పాతకాలపు అవ్వల కాళ్ల మీద నల్లటి మచ్చ మిగిల్చాయి. లోపల బోలుగా ఉంచి లక్క నింపడం కంసాలి పనిలో పాత పద్ధతే, చూడ్డానికి లావు, మొయ్యడానికి తేలిక. చీలమండ ఎముకకు రాసుకోకుండా కింద గుడ్డపీలిక చుట్టేవారు. ఆ పీలికను కూడా ఫేటియా అంచు రంగులోనే చుట్టుకున్నవాళ్లున్నారంటే ఆశ్చర్యమెందుకు? చెప్పులు మాత్రం ఇప్పుడు మార్కాపురం, గిద్దలూరు అంగళ్లలో కొన్న రబ్బరువే. పొలం దారిలో బురదకూ కంపకూ అవే నయం. పెళ్లిలో కడియాలు పెట్టుకున్న కొత్తకోడలు ఎత్తుమడమ చెప్పు జోలికి పోకుండా బల్లపరుపు చెప్పే ఎంచుకోవడం చూశాను, మువ్వల నడక చెడుతుందని. సరైన ఎంపిక అది.

జుట్టు ఇంత బరువు మొయ్యాలంటే దానికి బలమూ కావాలి. నల్లమలలో కుంకుళ్లకూ సీకాయకూ కరువు లేదు. చెంచులు అడవి నుంచి ఏరుకొచ్చినవి సంతకు చేరతాయి. 1956లో మొదలైన గిరిజన సహకార సంస్థ ఇలాంటి అటవీ ఫలసాయం కొని, సబ్బులుగా, పొళ్లుగా పట్నాలకు అమ్ముతోంది. అదే సీకాయ పొడి డబ్బా మీద రంగుబొమ్మతో పట్నం ఇంట్లో కనబడితే సహజ సౌందర్యం అంటారు. తండాలో అది తలంటు, అంతే. ఆముదంతో పాయలను మెత్తబరిచి అల్లితే టోప్లి ముడి జారదు. ఇక పచ్చబొట్టు. చుబుకం మీద చుక్క, కణత దగ్గర చుక్క, ముంజేతి మీద వరస. ఎరుకలసాని సూదితో పొడిచిన ఆ చుక్కలు ఎక్కడ పడాలో పొడిపించుకున్నవాళ్లే చూపించేవారు. ముసుగు అంచు కిందికి దిగినప్పుడు కూడా కనబడే చోటు చూసుకుని చుబుకం మీద ఒక్కటే పెట్టించుకున్న అవ్వలున్నారు.

పట్నాల్లో రెడీమేడ్‌గా కుట్టి అమ్మే లంబాడీ డ్రస్సులు ఇప్పుడు పెళ్లిళ్లలో బాగా కనిపిస్తున్నాయి. మిషను కుట్టు, తళుకు బిళ్లలు, అంటించిన అద్దాలు. మూడునాలుగు గంటల ఊరేగింపుకు అవి చాలు, కూలిపనికి పోయే తల్లికి నెలల తరబడి సూది పట్టే తీరిక ఎక్కడిది? కొనుక్కునేవాళ్లను తప్పుబట్టలేను. తప్పుపట్టవలసింది ఒకటుంది. ఆ మిషను డ్రస్సుల్లో కుడీ ఎడమా, ఊరూ వాడా అన్నీ ఒకటే. మొదట అన్న ఆ యూనిఫారం భావాన్ని అవి నిజం చేస్తున్నాయి. వాటి మధ్య కొందరు ఆడపిల్లలు చేస్తున్న పని నాకు చాలా నచ్చింది. కొన్న ఫేటియాకు అవ్వ లేపో కుట్టించుకుంటున్నారు. చుడీదార్ వేసుకుని నాయనమ్మ ఘూగ్రీల్లో ఒక్క గొలుసును చెవికమ్మకు తగిలిస్తున్నారు. పాత ముక్కను కొత్తబట్టకు ఎక్కించడం వాళ్ల ఇళ్లలో ఎప్పుడూ ఉన్నదే.

పని బతికి, పనికి డబ్బూ రావడం సాధ్యమేనని పొరుగు రాష్ట్రాలు చూపించాయి. కర్ణాటకలో బళ్లారి పక్కన సండూరులో కుశల కళా కేంద్రం లంబాణీ ఆడవాళ్లతో ఏళ్లుగా ఈ అల్లిక చేయిస్తోంది. సండూరు లంబాణీ ఎంబ్రాయిడరీకి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ కుట్లకు పేర్లు పెట్టి లెక్క రాసుకున్నారు: కిలన్, వేలే, బక్య, మాకి, సూర్యకాంతి మాకి, కాన్స్, తేరా డోరా, కౌడీ, రేలో, గద్రీ ఇలా పద్నాలుగు. 2023 జులైలో హంపిలో జీ20 సాంస్కృతిక సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా ఆడవాళ్లు కుట్టిన 1,755 వస్తువులను ఒకేచోట పరిచి గిన్నిస్ రికార్డు సాధించారు. తమిళనాడు ధర్మపురి జిల్లా సిట్టిలింగి లోయలో అల్లిక దాదాపు మరచిపోయిన దశలో, గుర్తున్న ఒకరిద్దరు పెద్దవాళ్ల నుంచి పడుచువాళ్లు మళ్లీ నేర్చుకుని పోర్గై అనే సంఘం పెట్టుకున్నారు. కెనడా నుంచి వచ్చిన షార్లెట్ క్వాన్, టిమ్ మెక్‌లాఫ్లిన్ బంజారా వస్త్రాల మీద 2016లో పెద్ద పుస్తకమే వేశారు.

మన వైపు కూడా అలాంటి పనికి అదను ఉంది. సేవాలాల్ మహరాజ్ పుట్టిన చోటుగా కొలిచే సేవాగఢ్ అనంతపురం జిల్లా గుత్తి దగ్గరే ఉంది. ఏటా జయంతికి వేలమంది పోతారు. ఈ నల్లమల అంచు తండాల నుంచీ పోతారు, పెట్టెలో ఉన్న మంచి కాంచళి ఆ రోజు బయటికి వస్తుంది. అలాంటి రోజున మార్కాపురంలోనో యర్రగొండపాలెంలోనో ఒక బడి గదిలో పాత కాంచళ్లు, లేపోలు, ఘుంగ్టోలు తెచ్చి పరిచి, తిరగేసి రెండు వైపులా ఫొటోలు తీసి, ఏ కుట్టును ఏ తండాలో ఏమంటారో అవ్వలను అడిగి రాసుకునే పని డిగ్రీ చదివే తండా పిల్లలే చెయ్యగలరు. సెల్‌ఫోన్లు చేతిలో ఉన్నాయి, భాష ఇంట్లో ఉంది. మ్యూజియాల్లో ఇలాంటి బట్టల కింద అట్టముక్క మీద లంబాడీ స్త్రీ వస్త్రం అని రాసి ఊరుకుంటారు. ఈ పిల్లలు రాసే పట్టీలో మొదటి గడి, ఇంటివాళ్లు సరేనంటే, కుట్టినావిడ పేరుకు ఉంచాలి. దాని పక్కన ఆమె తండా పేరు, ఆ ముక్క ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్న వివరం, తర్వాతే కొలతలు.